పూచీ

చిలోయే దీవిలో, మా కల్ఫుకో రేవులో
వాన పడని రోజును పండగలా గుర్తుపెట్టుకుంటాం.
ఆ రోజు పండగ కాదు.
నూట పన్నెండు పేజీల నివేదికను
రెయిన్‌కోటు లోపల పసిబిడ్డలా దాచుకుని
రెమీహియా కొట్టుకి వెళ్లాను.

నేను సాల్మన్ కంపెనీ మనిషిని.
"ప్రజాసంబంధాలు" అని ఉంటుంది నా గుర్తింపు కార్డు మీద.
ఈ ప్రజల్లో సగం మంది నాకు మేనత్తలు,
మిగతా సగం చిన్నప్పుడు నా చెవి మెలిపెట్టినవాళ్లు.

ఆమె కళ్లజోడు తుడుచుకుని
నివేదికను ముందు తక్కెడలో పెట్టింది.
"నాలుగు వందల ఇరవై గ్రాములు" అంది.
"కాగితం మంచిదే. పొయ్యిలో మాత్రం సరిగా మండదు, ఈ నున్నటి రకం."

తర్వాత చదివింది. నిజంగానే చదివింది.
కెటిల్ రెండుసార్లు ఈల వేసి ఊరుకుంది.
పదిహేడో పేజీలో మా సముద్రం ఫోటో:
అంత నీలంగా దాన్ని మేమెవరమూ చూడలేదు.
"భాగస్వాములంటే ఎవరే?"
"మీరే, దోన్యా."
"నాకెవరూ చెప్పలేదే."

బల్ల కింద నుంచి తన అరువుల పుస్తకం తీసింది.
ముప్పై ఏళ్ల మా ఆకలంతా అందులో ఉంది.
ఎలాదియో, రెండు కిలోల పిండి, బంగాళాదుంపలు తవ్వాక ఇస్తానన్నాడు.
ఓర్ఫెలీనా, కొవ్వొత్తులు, భర్త పోయిన రాత్రి.
ఆ పద్దు మీద అడ్డగీత, పక్కన "చెల్లు" అని.
ఎవరు చెల్లించారో రాయలేదు.

నలభై ఒకటో పేజీ కంపెనీది.
అలాంటి పేజీ ఒకటుందని నాకు తెలియదు.

న్యాయంగా, జమ వైపే ముందు చూపింది:
జూలై తుఫానులో వెనాన్సియాకి నొప్పులొస్తే
కంపెనీ పడవే ఆస్పత్రికి చేర్చింది.
బడికి పెయింటు. రంగు బాగోలేదు, అయినా జమే.
ఇరవై ఆరు జీతాలు, అందులో నాదొకటి.

బాకీ వైపు ఆమె అక్షరాలు చిన్నవయ్యాయి,
చోటు చాలక.
ఆల్చిప్పలు దొరకని నాలుగు చలికాలాలు.
ఒడ్డుకు కొట్టుకొచ్చిన తెల్లటి నురుగుముక్కలు, గోతాల లెక్కన,
బడిపిల్లలు ఏరినవి, కూలి ఎవరూ ఇవ్వలేదు.
చచ్చిన చేపల కంపుకి
కిటికీలన్నీ మూసుకుని పెళ్లివిందు తిన్న ఆదివారం.
ఆ ఒక్కదానికీ ధర కట్టలేక
పెన్సిలుతో చుక్క పెట్టి వదిలేసింది.

నేను అలవాటైన వాక్యం ఎత్తుకున్నాను:
"దోన్యా, కంపెనీ ఎప్పటికప్పుడు బాధ్యతగా..."
ఆమె చెయ్యెత్తింది, కోపంగా కాదు,
ఈగను తోలినట్టు.

"అరువు పెట్టడం తప్పు కాదమ్మాయ్.
నా మొగుడే మూడు కొట్లలో పెట్టాడు.
కానీ ఎలాదియో బాకీ ఉంటే
చర్చిలో నన్ను చూడలేక తన బూట్లు చూసుకుంటాడు.
అదే నాకు వడ్డీ.
మీ వాళ్లలో ఎవరు చూసుకుంటారు బూట్లు?
పోయినేడు ఒకాయన వచ్చి గంటసేపు విన్నాడు, మంచివాడే,
కాఫీ తాగాడు, మూడు చెంచాల చక్కెర.
ఇప్పుడతని కుర్చీలో ఇంకొకడు. వీడికి చక్కెర పడదట.
కుర్చీని అడగనా?"

నా దగ్గర జవాబు లేదు.
నూట పన్నెండు పేజీలూ రాసిన వాళ్ల దగ్గర ఉందేమో.
వాళ్ల పేర్లు అట్టమీద లేవు.

ఆమె పెన్సిలు మొన నాలుకకి తడుపుకుంది.
మా రేవులో పరాయివాడికి అరువివ్వాలంటే
ఊళ్లోవాళ్లు ఒకరు పూచీ పడాలి.
ఏ చట్టంలోనూ లేదది, అందుకే ఎవరూ తప్పరు.
పేజీ అడుగున, బడిలో నేర్చిన గుండ్రటి అక్షరాలతో
నెమ్మదిగా రాసింది:
పూచీ, యాస్నా బర్రీయా, తోమాసా కూతురు.

"సంతకం అక్కర్లేదు" అంది.
"నీ మొహం నాకు తెలుసు."

రొట్టె కొన్నాను. నోటిస్తే చిల్లర లేదంది,
నా పద్దులో జమ రాస్తానంది.
బయట వాన అలాగే ఉంది.
దూరంగా నీళ్లమీద చేపల పంజరాల దీపాలు వెలిగాయి.
ఇంటిదాకా
బూట్లే చూసుకుంటూ నడిచాను.